‘రిపోర్టు నార్మల్ వచ్చింది, బిళ్ళ ఆపేశా’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మేల్ మెడికల్ వార్డులో పోస్టింగ్ పడింది. అక్కడ ఒక తాతగారు, "అమ్మాయ్, ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ రాత్రే ఎందుకు వేసుకోవాలి? ఇంకా ఎన్నాళ్ళు వేసుకోవాలి?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. సిస్టర్ గారు పిలుస్తున్నారని చెప్పి పక్కకు వచ్చేశాను. ఫార్మకాలజీలో ఈ చాప్టర్ ఎన్నిసార్లు చదివినా మందుల పేర్లన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఇంకో బాధ కూడా ఉంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే మా నాన్నగారికి రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. మొన్న టెస్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 62 వచ్చింది. "నార్మల్ అయిపోయింది కదా, పైగా పిక్కలు పీకుతున్నాయి" అని కొలెస్ట్రాల్ బిళ్ళ మానేశారు. నేనేమైనా చెబితే "నువ్వింకా స్టూడెంటువే" అంటున్నారు. ఏం చేయను?
— ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: అమ్మా, చాప్టర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నాన్నగారికి ఫోన్ చెయ్యి. మానేసిన బిళ్ళ స్ట్రిప్ చేతిలో పట్టుకుని, దాని వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదవమను. కుదరకపోతే ఫొటో తీసి పంపమను. ఎందుకంటే గుండె పేషెంట్లకు కొలెస్ట్రాల్ మందునీ ఆస్పిరిన్‌నీ కలిపి ఒకే క్యాప్సూల్‌గా ఇవ్వడం మన దగ్గర చాలా మామూలు. కొన్నిట్లో క్లోపిడోగ్రెల్ కూడా కలిసి ఉంటుంది. మీ నాన్నగారు "కొలెస్ట్రాల్ బిళ్ళ" అనుకుని ఆపింది అలాంటి క్యాప్సూల్ అయితే, రక్తం గడ్డకట్టకుండా చూసే మందు కూడా ఆగిపోయినట్టే. స్టెంట్ ఉన్న మనిషి డాక్టరుకి చెప్పకుండా ఆస్పిరిన్ ఆపకూడదు. అది కలిసి ఉన్న క్యాప్సూలే అయితే ఈ రోజే కార్డియాలజిస్టుకి చెప్పండి, రేపటిదాకా ఆగొద్దు. విడి బిళ్ళ అయితే కొంత నయం. అయినా ఈ వారంలోపు డాక్టరుని కలవాల్సిందే.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవడం అనే ఈ అలవాటు నీకు ఇప్పుడే పడాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని చివర గోల్డ్ అనో, ఏవీ అనో, ఎఫ్ అనో తోకలు ఉంటాయి. అసలు మందు పేరు వెనక ఉంటుంది. ఒకసారి అడ్మిషన్‌కి వచ్చిన ఒకాయన క్యారీ బ్యాగు నిండా మందులు తెచ్చారు. వాటిని మంచం మీద బోర్లించి ఒక్కొక్కటీ తిప్పి చూశాను. ఒక డాక్టరు రాసిన అటోర్వాస్టాటిన్ 40 విడిగా ఉంది. ఇంకో డాక్టరు రాసిన క్యాప్సూల్లో రోసువాస్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఉన్నాయి. ఆయన రెండూ వేసుకుంటున్నారు. రెండు స్టాటిన్లు, అంటే రెండు కొలెస్ట్రాల్ మందులు, నాలుగు నెలలుగా. ఒకటి తెల్లగా గుండ్రంగా ఉంది, ఇంకోటి రంగు క్యాప్సూల్. రెండూ ఒకే జాతి మందులని ఆయనకి ఎలా తెలుస్తుంది? తెలుసుకోవాల్సింది మనం.

ఇప్పుడు చాప్టర్. పేర్లు కలిసిపోతున్నాయంటే, అవి లోపల చేసే పని నీ కళ్ళకు కట్టలేదన్నమాట. అది కనిపిస్తే పేర్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

లివర్‌ని ఒక ఇల్లనుకో. ఆ ఇంట్లో బోరు ఉంది, తనకు కావలసిన కొలెస్ట్రాల్ తానే తయారు చేసుకుంటుంది. ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, ఒళ్ళు తయారు చేసుకున్నదే. హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ ఆ బోరుకి మోటారు లాంటిది. స్టాటిన్ ఆ మోటారుని నెమ్మదింపజేస్తుంది. మరి ఇంట్లో నీళ్ళు రాకపోతే ఏం చేస్తాం? బిందెలు తీసుకుని వీధి కుళాయికి పరిగెడతాం. లివర్ చేసేదీ అదే. కణాల మీద ఎల్‌డీఎల్ రిసెప్టార్లు ఎక్కువగా పెట్టి, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని లోపలికి లాక్కుంటుంది. అవే బిందెలు. స్టాటిన్ కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుందని రాసి పిల్లలు అక్కడితో ఆపేస్తారు. రక్తంలో ఎల్‌డీఎల్ అంతగా పడిపోవడానికి అసలు కారణం ఈ బిందెలు పెరగడమే, నీ జవాబులో అది తప్పకుండా ఉండాలి. ఈ రిసెప్టార్ల సంగతి తేల్చిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మిగతా మందులను ఇదే ఇంటి దగ్గరికి తీసుకురా. ఎజెటిమైబ్ పేగుల నుంచి వచ్చే కొలెస్ట్రాల్‌ని అక్కడే అడ్డుకుంటుంది. బయటి నుంచి రావాల్సిన ట్యాంకరు రాలేదు, బిందెలు బయటికి వచ్చాయి. కొలెస్టిరమీన్ లాంటి రెజిన్లు పేగుల్లో పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని మలంతో పంపేస్తాయి. మామూలుగా లివర్ వాటిని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. అవి పోతే కొత్తవి చేసుకోవాలి, అందుకు కొలెస్ట్రాల్ కావాలి, మళ్ళీ బిందెలే. ఇక పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ ఉంది చూడు, అది బిందెలు పగలగొట్టే రకం. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ ఇంజెక్షన్లు దాని చెయ్యి పట్టుకుని ఆపుతాయి. ఇంక్లిసిరాన్ అయితే ఆ ప్రోటీన్ లివర్‌లో తయారే కాకుండా చూస్తుంది. అన్ని దారులూ ఆ బిందెల దగ్గరికే వస్తున్నాయి, చూశావా? ఫైబ్రేట్లు, నయాసిన్ మాత్రం వేరే పేజీలో రాసుకో. ఫైబ్రేట్ల ముఖ్యమైన పని ట్రైగ్లిజరైడ్లను, అంటే రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వుని తగ్గించడం. నయాసిన్ ఇప్పుడు పెద్దగా వాడటం లేదు. అయినా పరీక్షలో అడుగుతారు కాబట్టి ముఖం వేడెక్కి ఎర్రబడుతుందని, దాన్ని తగ్గించడానికి అరగంట ముందు ఆస్పిరిన్ ఇస్తారని, షుగరూ యూరిక్ యాసిడూ పెరగొచ్చని గుర్తుంచుకో.

ఒక అంకె కూడా రాసుకో. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అదే ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే ఇంకో 20 శాతం దాకా తగ్గుతుంది. డాక్టరు డోసు పెంచకుండా రెండో బిళ్ళ ఎందుకు రాశారని పేషెంటు భార్య నిన్ను అడుగుతుంది. అప్పుడు చెప్పడానికి ఈ అంకె పనికొస్తుంది.

తాతగారి మొదటి ప్రశ్న రాత్రి గురించి కదా. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీ రాత్రిపూట ఎక్కువగా జరుగుతుంది. సిమ్వాస్టాటిన్ లాంటి పాత మందులు ఒంట్లో కొద్ది గంటలే ఉంటాయి, కాబట్టి వాటిని రాత్రి వేసుకోమన్నారు. పాత పుస్తకాలు ఆ మాటను స్టాటిన్లన్నిటికీ అంటగట్టాయి, ప్రిస్క్రిప్షన్లలోనూ అదే కొనసాగుతోంది. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ చాలా గంటలు ఉంటాయి. వాటిని పొద్దున వేసుకున్నా పని చేస్తాయి. రాత్రి తొమ్మిదికే అన్నం తిని కునుకు తీసే పెద్దాయనకి రాత్రి బిళ్ళ అంటే వారంలో మూడు రోజులు మర్చిపోయే బిళ్ళ. టైము మార్చుకోవచ్చా అని ఆయన తరఫున డాక్టరుని అడగడం నర్సు పనే. మర్చిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు.

గ్యాస్ సిరప్ గురించి కూడా అడుగు. మన వైపు కారం తినని ఇల్లు లేదు, గ్యాస్ సిరప్ సీసా లేని ఇల్లూ లేదు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఆ సిరప్ రోసువాస్టాటిన్‌తో పాటే తాగితే మందు ఒంటికి పట్టేది దాదాపు సగమైపోతుంది. బిళ్ళ వేసుకున్నాక రెండు గంటలు ఆగి తాగమను. రోసువాస్టాటిన్ గురించి ఇంకో మాట. ఆసియా వాళ్ళలో అదే డోసుకి రక్తంలో మందు రెట్టింపు దాకా కనిపిస్తుంది, అందుకే 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమంటారు. "ఇంత చిన్న డోసా?" అని అటెండెంట్లు కంగారుపడితే ఈ సంగతి చెప్పు.

ఇక పిక్కలు పీకడం. ఈ ఒక్క విషయం మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడ నేనే ఒకసారి తప్పు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను పనిచేసే ఆస్పత్రిలో ఒకాయన సిమ్వాస్టాటిన్ వాడుతుండేవారు. దగ్గు, జ్వరం వచ్చి బయట ఎవరికో చూపించుకుంటే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఆ తర్వాత మా వార్డులో చేరారు. "కింద కూర్చుంటే లేవలేకపోతున్నానమ్మా, తొడలు పట్టేస్తున్నాయి" అన్నారు. నేను చార్టులో ‘ఒళ్ళు నొప్పులు’ అని రాసి, పెద్ద వయసు కదా అనుకుని వదిలేశాను. మూడో రోజు పొద్దున యూరిన్ బాటిల్ తీస్తుంటే అందులో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అప్పుడు పరిగెత్తాను. కండరం దెబ్బతింటే పెరిగే సీకే పరీక్ష వేలల్లో వచ్చింది. కండరం కరిగి రక్తంలోకి వస్తోంది, అదే రాబ్డోమయోలైసిస్. మందు ఆపి, సెలైన్లు పెట్టి, కిడ్నీలను కాపాడుకోగలిగారు డాక్టర్లు. ఆయన నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు. కానీ మొదటి రోజే ఆయన నాకు చెప్పారు, నేను వినలేదు. ఆ రెండు మందులూ కలవకూడదు. స్టాటిన్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌ని క్లారిత్రోమైసిన్ అడ్డుకుంటుంది, రక్తంలో సిమ్వాస్టాటిన్ పేరుకుపోతుంది. ఎరిత్రోమైసిన్, ఇట్రాకోనజోల్ కూడా అంతే. గజ్జి, తామర అని మందుల షాపులో అడిగి ఇట్రాకోనజోల్ తెచ్చుకునేవాళ్ళు మన ఊళ్ళల్లో కోకొల్లలు, అందుకని దాని గురించి తప్పక అడుగు. జెమ్‌ఫైబ్రోజిల్ అనే ఫైబ్రేట్‌ని స్టాటిన్‌తో కలపరు, ట్రైగ్లిజరైడ్లకు ఫైబ్రేట్ కావాలంటే ఫెనోఫైబ్రేట్ ఇస్తారు. ఈ మందులతో పడదని పుస్తకంలో ఉండే గ్రేప్‌ఫ్రూట్ మన బజార్లో కనపడదు గానీ, పంపరపనసది అదే కుటుంబం. సిమ్వా, అటోర్వా వాడేవాళ్ళు దాన్ని రోజూ తింటుంటే డాక్టరుకి చెప్పాలి.

అలాగని పీకిన ప్రతి పిక్కకీ స్టాటిన్ కారణం కాదు. రాబ్డోమయోలైసిస్ చాలా అరుదు. 2020లో వచ్చిన సామ్సన్ అనే అధ్యయనం నీకు బాగా పనికొస్తుంది. స్టాటిన్ పడటం లేదని మానేసిన 60 మందిని తీసుకుని, కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ళ, కొన్ని నెలలు ఏ బిళ్ళా లేకుండా చూశారు. ఏది ఏ నెలలో వేసుకుంటున్నామో వాళ్ళకి తెలియదు. స్టాటిన్ వేసుకున్న నెలల్లో పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి బిళ్ళతోనూ పడ్డారు. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, భయం కూడా నొప్పి పుట్టించగలదు. ఇది ఎవరి మొహం మీదా "అంతా మీ భ్రమ" అనడానికి ఇచ్చిన ఆధారం కాదు. మళ్ళీ మొదలుపెట్టి చూడొచ్చని ధైర్యం చెప్పడానికి ఇచ్చింది. ఆ 60 మందిలో సగం మంది తర్వాత స్టాటిన్ మళ్ళీ వేసుకోవడం మొదలుపెట్టారు.

మీ నాన్నగారిని ఇలా అడుగు. నొప్పి రెండు కాళ్ళలోనూ సమానంగా ఉందా? తొడలు, భుజాలు కూడా పట్టేస్తున్నాయా? బిళ్ళ మొదలుపెట్టిన కొత్తలోనా, ఇప్పుడా? మూత్రం రంగు మారిందా? ఈ మధ్య ఏదైనా యాంటీబయాటిక్ వాడారా? అన్నిటికంటే ముఖ్యంగా, నడిస్తే వచ్చి ఆగితే తగ్గుతోందా? బీసెంట్ రోడ్డులో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసరికి పిక్క పట్టేసి, ఒక షాపు ముందు రెండు నిమిషాలు నిలబడితే వదిలేస్తోందంటే, అది కాలి రక్తనాళం సన్నబడిన గుర్తు కావచ్చు. గుండెలో పేరుకున్న కొవ్వే కాళ్ళలోనూ పేరుకుంటుంది. అప్పుడు ఆయన ఏ నొప్పికి భయపడి బిళ్ళ మానేశారో, ఆ నొప్పికి కావలసింది ఆ బిళ్ళే. నువ్వు అడిగి తెలుసుకున్నదంతా ఒక కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి. ఆయన సీకే, థైరాయిడ్, విటమిన్ డి చూడొచ్చు. థైరాయిడ్ తక్కువగా ఉంటే ఈ నొప్పులు ఎక్కువవుతాయి. స్టాటినే కారణమని తేలినా దారులున్నాయి. కొన్ని వారాలు ఆపి మళ్ళీ తక్కువ డోసుతో మొదలుపెట్టడం, ఇంకో స్టాటిన్‌కి మారడం, రోజు విడిచి రోజు ఇవ్వడం, ఎజెటిమైబ్ కలపడం ఇలా. కండరంలో పనిచేయకుండా లివర్‌లో మాత్రమే పనిచేసే బెంపెడోయిక్ యాసిడ్ కూడా వచ్చింది. ఏది పడుతుందో డాక్టరు చూస్తారు.

‘నార్మల్ వచ్చింది కదా’ అన్న మాటకీ, ‘ఇంకా ఎన్నాళ్ళు’ అన్న తాతగారి రెండో ప్రశ్నకీ జవాబు ఇదే: "నాన్నా, ఆ 62 మీరు బిళ్ళ వేసుకుంటుంటే వచ్చిన 62." బీపీ బిళ్ళ గురించి ఇదే మాట చెబితే ఆయన ఒప్పుకుంటారు, షుగర్ బిళ్ళకీ ఒప్పుకుంటారు. కొలెస్ట్రాల్ దగ్గరే పేచీ, ఎందుకంటే అది ఎక్కువున్నా తక్కువున్నా ఒంటికి తెలియదు. మందు ఆపిన కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ మళ్ళీ పాత చోటికి పోతుంది. నమ్మకం కుదరకపోతే పాత ఫైలు తీసి, స్టెంట్ వేసిన రోజుల్లో ఎల్‌డీఎల్ ఎంతుందో, ఇప్పుడు ఎంతుందో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించు. స్టెంట్ వేసినవాళ్ళకి 70 కంటే తక్కువ ఉంచాలనేది డాక్టర్లు మామూలుగా పెట్టుకునే గురి, ఇంకా తగ్గించేవాళ్ళూ ఉన్నారు. ఆయనది 62 అంటే మందు సరిగ్గా పనిచేస్తోందన్నమాట. పనిచేస్తున్న మందుని మాన్పించే కారణంగా ఆ అంకెను వాడుకోకూడదు. 1994లో వచ్చిన 4ఎస్ అధ్యయనం గుర్తుంచుకో. గుండె జబ్బు ఉన్న 4,444 మందిలో, సిమ్వాస్టాటిన్ ఐదేళ్ళకు పైగా వేసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి.

"లివర్ పోతుందట, షుగర్ వస్తుందట" అని పక్కింటివాళ్ళు అంటారు. ఇవి పూర్తిగా పుకార్లు కావు, అందుకే తేలిగ్గా కొట్టిపారేయకు. మొదలుపెట్టేముందు లివర్ పరీక్ష చేస్తారు. తర్వాత కళ్ళు పచ్చబడటం, అన్నం సయించకపోవడం, కుడి డొక్కలో నొప్పి లాంటివి ఉంటే మళ్ళీ చేస్తారు. ఆ పరీక్షలో ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైమ్ మామూలు హద్దుకి మూడు రెట్లు దాటి అలాగే ఉంటే ఆలోచిస్తారు. ఫ్యాటీ లివర్ ఉన్నంత మాత్రాన స్టాటిన్ మానక్కర్లేదు. షుగర్ కొద్దిగా పెరిగే మాట నిజమే, అదీ ఎక్కువగా అప్పటికే అంచున ఉన్నవాళ్ళలో. స్టెంట్ ఉన్నవాళ్ళకి దానికంటే మేలే చాలా ఎక్కువ. వెల్లుల్లి, మెంతులు, తెల్లమద్ది కషాయం వాడుతున్నారా అని కూడా అడుగు. తిట్టకుండా అడిగితేనే చెబుతారు. అవి తింటూ బిళ్ళ కూడా వేసుకుంటున్నారా, బిళ్ళ బదులు తింటున్నారా అన్నదే నీకు కావలసిన సమాచారం.

మేల్ వార్డులో ఉన్నావు కాబట్టి నీకు ఎదురు కాకపోవచ్చు, ఫిమేల్ వార్డుకి మారినప్పుడు మాత్రం వయసులో ఉన్న ఆడవాళ్ళని నెల తప్పిందా, పిల్లలకు పాలిస్తున్నారా అని అడగకుండా స్టాటిన్ ఇవ్వకు. రెజిన్ పొడి రాస్తే మిగతా మందులు దానికి గంట ముందు, లేదా నాలుగు గంటల తర్వాత. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ ఇంజెక్షన్ అయితే ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచి ఇవ్వు, ఊపొద్దు.

నాన్నగారు "నువ్వింకా స్టూడెంటువే" అంటే బాధపడకు. వాదించకుండా ఈ ఆదివారం విజయవాడ బస్సెక్కి ఇంటికి వెళ్ళు. ఆయన మందుల కవరు మంచం మీద బోర్లించి, ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క స్ట్రిప్ తిప్పి చదవండి. ఏది ఎందుకో ఆయన చేతే చెప్పించు. చెప్పలేని దాని పక్కన ఒక గీత పెట్టుకుని, ఆ కవరుతోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

తాతగారు ఇంకా డిశ్చార్జ్ కాకపోతే, రేపు డ్యూటీకి వెళ్ళగానే ఆయన మంచం దగ్గరికి వెళ్ళు. "తాతగారూ, మొన్న మీరు అడిగిందానికి జవాబు తెలుసుకుని వచ్చాను" అను. ముందు ఆయన స్ట్రిప్ వెనక్కి తిప్పి పేరు చూడు. అటోర్వా, రోసువా అయితే, రోజూ ఏది మర్చిపోయినా మర్చిపోని పని ఏమిటో అడుగు. పొద్దున్నే కాఫీ అంటారు, దాదాపు అందరూ అదే అంటారు. డాక్టరుతో మాట్లాడి టైము మార్పించి, బిళ్ళ స్ట్రిప్‌ని కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకోమని ఆయనతో పాటు ఆయన కోడలికీ చెప్పు.